దీవిలో దిగే సరుకుతో పాటు ఏం దిగుతోందో కూడా చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు మీద మీ పత్రికలో వస్తున్న వార్తలూ వ్యాసాలూ వదలకుండా చదువుతున్నాను. 72 వేల కోట్ల రూపాయలు, 130 చదరపు కిలోమీటర్ల అడవి, లక్షల చెట్లు, గలాథియా తీరంలో గుడ్లు పెట్టే తాబేళ్లు, ఇవన్నీ రాస్తున్నారు. అక్కడి ఆదివాసులైన షోంపెన్‌ల గురించి, నికోబారీల గురించి కూడా రాస్తున్నారు. సంతోషం. కానీ అక్కడ కట్టబోయేది ఓడరేవు. పెద్ద ఓడల్లో వచ్చిన కంటైనర్లను దించి వేరే ఓడల్లోకి ఎక్కించే రేవు. ఆ పెట్టెల సందుల్లో దాక్కుని ఏమేం దిగుతాయన్న చర్చ నాకు పెద్దగా ఎక్కడా కనపడలేదు. నా ఉద్యోగమంతా ఓడ పక్కనే గడిచింది కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. మా నాన్న హయాంలోనే అండమాన్ వచ్చి స్థిరపడ్డాం. నేను రేవులో ట్యాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఓడలోంచి దిగే ప్రతి బస్తా, ప్రతి పెట్టె లెక్క రాసుకోవడం మా పని. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి ఇక్కడికి రానిదంటూ లేదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, ఇటుకలు, ఎండుగడ్డి, కోళ్ల దాణా, మట్టితో సహా నర్సరీ మొక్కలు, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేప పిల్లలు. నేను పనిచేసినన్నాళ్లూ మేం చూసిందల్లా ఒక్కటే: లెక్క సరిపోయిందా, తడిసిందా, చిరిగిందా. బస్తా ఎత్తగానే కింద నుంచి బల్లి పరుగెత్తేది. గోనె మడతలో జెర్రి ఉండేది. మొక్క వేళ్ల దగ్గర మట్టిలో నత్త గుడ్లు ఉండేవి. అవి రాసుకోవడానికి మా పుస్తకంలో గడి లేదు.

బల్లి దిగితే ఏమవుతుంది అని ఎవరైనా అడగొచ్చు. ఫెరార్‌గంజ్ దగ్గర నా స్థలంలో ఏం జరుగుతోందో చెబుతాను. కొబ్బరి, పోక చెట్ల మధ్య చిన్న చేపల గుంట ఉంది. తొలి వాన పడ్డ రాత్రి ఆ గుంట చుట్టూ బోదురు కప్పలు చేరతాయి. మగవి నిమ్మపండు రంగులోకి మారిపోయి, గొంతుకు రెండు వైపులా నీలం సంచులు పొంగించి అరుస్తాయి. సోంపేటలో చిన్నప్పుడు చూసిన కప్పే. అక్కడైతే దాన్ని పాము తింటుంది, కొంగ తింటుంది. దానితో పాటు అదే గుంటలో పెరిగిన మిగతా కప్పలకు దాన్నుంచి తప్పించుకోవడం తరతరాలుగా అలవాటు. ఇక్కడ ఇరవై ముప్పై ఏళ్ల కిందట ఈ కప్ప లేనే లేదు. మెయిన్‌లాండ్ నుంచి తెచ్చిన చేప పిల్లల్లో కలిసి వచ్చి ఉంటుందని పరిశోధకులు అంటున్నారు. దాని తోకకప్పలు నీళ్లలో పాచి తిని ఊరుకునే రకం కాదు, పక్క తోకకప్పల్ని పట్టుకు తింటాయి. అండమాన్‌లో తప్ప వేరెక్కడా లేని రెండు జాతుల కప్ప పిల్లల్ని వీటితో కలిపి తొట్లలో పెంచి చూశారు. అవి ఒక్కటీ మిగలలేదు. నా గుంట గట్టున ఒక బోదురు కప్ప కోడిపిల్లను సగం దాకా మింగి, కాళ్లు మాత్రం నోటి బయట ఆడుతుంటే కళ్లప్పగించి చూసి, పరుగెత్తుకెళ్లి లాగాను. పిల్ల బతకలేదు. మా పక్కవాళ్ల బాతు పిల్లలూ అలాగే పోతున్నాయి. కోడిపిల్లల కోసం మేం దడి కట్టుకోగలం. అడవిలో వాన నీటి మడుగుల్లో పెరిగే ఆ చిన్న కప్పలకు దడి కట్టేవాళ్లెవరు?

దీవుల్లో పుట్టే జీవాల స్వభావమే వేరు. అక్కడికి చేరడమే కష్టం. గాలికి కొట్టుకొచ్చో, దుంగల మీద తేలి వచ్చో, ఎగిరో కొన్ని మాత్రమే చేరతాయి. పులి చేరదు, నక్క చేరదు, చాలా చోట్ల ఎలుక కూడా చేరదు. చేరిన కొన్నింటికి శత్రువులు ఉండరు, తిండికి పోటీ ఉండదు, వెనక్కి పోయే దారి ఉండదు. వేల తరాలు గడిచేసరికి ఆ చోటుకు అచ్చంగా సరిపోయే కొత్త జాతులు తయారవుతాయి. ఎగిరే అవసరం లేని పక్షికి రెక్కల బలం తగ్గుతుంది, ఎందుకంటే ఎగరడానికి కావలసిన కండలను పోషించడం ఒంటికి పెద్ద ఖర్చు. నేల మీదే గూడు పెడుతుంది. గుడ్లు తక్కువ పెడుతుంది. మనిషిని చూసినా బెదరదు. ఇన్ని వేల ఏళ్లలో సంపాదించుకున్న ఈ గుణాలే, బయటి నుంచి పిల్లో పందో వచ్చిన రోజున దాని పాలిట మృత్యువు అవుతాయి. 1500 సంవత్సరం నుంచి ఇప్పటిదాకా భూమ్మీద అంతరించిన పక్షి జాతుల్లో పదింట తొమ్మిది దీవుల్లోవే.

నార్కండం దీవినే తీసుకోండి. ఉత్తర అండమాన్‌కు తూర్పున సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన పాత అగ్నిపర్వతం. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, ఎత్తు 710 మీటర్లు. ఆ ఒక్క కొండ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని హార్న్‌బిల్ పక్షి అక్కడుంది. మగదానికి తల, మెడ ఇటుక రంగు, ఆడదానికి నలుపు. ఆడది చెట్టు తొర్రలో కూర్చుని ద్వారం మూసేసుకుంటుంది. సన్నని సందులోంచి మగది పళ్లు అందిస్తుంది. మర్రి, జువ్వి లాంటి చెట్ల పళ్లే దాని ప్రాణం. 2020 ప్రాంతంలో పరిశోధకులు లెక్కగడితే సుమారు వెయ్యి పక్షులు తేలాయి. అంత కొంచెం నేలలో అన్ని హార్న్‌బిల్ పక్షులు ఉన్న చోటు ఇంకొకటి తెలియదు. వినడానికి గొప్పగా ఉంటుంది, నాకూ గర్వమే. కానీ ఆ వెయ్యింటికీ ఉన్నది ఆ ఒక్క కొండే. ఒక పెద్ద తుపాను వచ్చినా, ఒక కొత్త రోగం సోకినా వెళ్లడానికి రెండో చోటు లేదు.

అంత మారుమూల కొండకు కూడా మనం మేకల్ని తీసుకెళ్లాం. 1960ల చివర్లో అక్కడ పోలీసు ఔట్‌పోస్టు పెట్టారు. మాంసం కోసం తెచ్చిన మేకలు అడవిలో పడి పెరిగిపోయాయి. మేక పక్షి జోలికి పోదు, నిజమే. కానీ మర్రి మొలకను, జువ్వి మొలకను నేల మట్టానికి మేసేస్తుంది. పెద్ద చెట్లు ముసలివై పడిపోయిన నాడు వాటి చోటులో నిలబడే చెట్టు ఉండదు. ఆ సంగతి గ్రహించి తర్వాత మేకల్ని అక్కడి నుంచి తీసేశారు. ఈ దీవుల చరిత్రలో మనం సకాలంలో చేసిన మంచి పనుల్లో అదొకటి అని నేను గట్టిగా నమ్ముతాను.

దుప్పుల విషయంలో అది జరగలేదు. బ్రిటిష్ వాళ్లు వేట కోసం చుక్కల దుప్పుల్ని అండమాన్ తెచ్చి వదిలారు. పులి లేదు, చిరుత లేదు. ఈదుకుంటూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయి పాకిపోయాయి. రాస్ ఐలాండ్‌కు, అంటే ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవికి, విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చే మన యాత్రికులు వాటికి బిస్కెట్లు పెట్టి ఫోటోలు దిగి పోతుంటారు. వాళ్ల తప్పేం లేదు. ఇది ఈ నేల జంతువు కాదని, అడవిలో మొలకను బతకనివ్వడం లేదని చెప్పేవాళ్లు ఉండాలి కదా. ఇంటర్వ్యూ ఐలాండ్‌లో 1962లో ఒక కలప కంపెనీ దివాలా తీసి, దుంగలు లాగే ఏనుగులను నలభై దాకా అక్కడే వదిలేసి పోయింది. వాటి సంతానం ఆ దీవి అడవి రూపాన్నే మార్చేసింది. మా పెరట్లో కూరపాదుల్ని తినేసే అరచేతి పొడవు ఆఫ్రికా నత్తలు కూడా 1942-45 మధ్య జపాను వాళ్లు తిండికని తెచ్చినవే అంటారు. ఏ ఒక్కరూ చెడు చేద్దామని తేలేదు.

ఇక గువాం సంగతి. ట్యాలీ క్లర్కుగా నాకు నిద్ర పట్టనివ్వని ఉదాహరణ అదే. పసిఫిక్‌లో అమెరికా అధీనంలో ఉన్న దీవి, మన గ్రేట్ నికోబార్ కంటే చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైనిక సరుకుల్లో దాక్కుని ఒక రకం చెట్టుపాము అక్కడ దిగింది. గోధుమ రంగు, రాత్రి పూట తిరుగుతుంది, సన్నని కొమ్మల దాకా ఎక్కుతుంది. గువాం పక్షులు అలాంటి పామును ఎన్నడూ ఎరగవు. అడవుల్లో పక్షులు తగ్గిపోతుంటే మొదట రోగమేమో, పురుగుమందేమో అనుకున్నారు. అది పాము పని అని తేలేసరికి 1980లు వచ్చాయి. అక్కడి సొంత అడవి పక్షులు 12 జాతులైతే, 10 దీవి నుంచి మాయమయ్యాయి. పురుగుల్ని తినే పక్షులు లేకపోవడంతో అడవి నిండా సాలెగూళ్లు. కరెంటు తీగల మీదికి పాములెక్కి ఊళ్లలో సరఫరా పోయేది. అక్కడి లకుముకి పిట్ట పంజరాల్లో మాత్రమే మిగిలింది. 2024లో కొన్నింటిని వేల కిలోమీటర్ల దూరంలోని వేరే దీవిలో వదిలారు, ఎందుకంటే సొంత దీవిలో వదిలితే పాము బతకనివ్వదు. ఇప్పుడు గువాం నుంచి బయటికి పోయే సరుకును శిక్షణ ఇచ్చిన కుక్కలతో వాసన పట్టించి గానీ పంపరు. ఆ జాగ్రత్తలో పదో వంతు ఆ పాము దిగిన రోజున ఉండి ఉంటే ఆ పక్షులు ఇవాళ ఉండేవి.

గ్రేట్ నికోబార్‌లో పోగొట్టుకోవడానికి ఏముందో ఒక్క పక్షితో చెబుతాను. నికోబార్ మెగాపోడ్ అని, కోడిపెట్ట అంత ఉంటుంది. గుడ్ల మీద కూర్చోదు. తీరం దగ్గర అడవిలో ఇసుక, ఎండుటాకులు, పగడపు ముక్కలు కాళ్లతో ఎగదోసి పెద్ద దిబ్బ వేస్తుంది. నడుమెత్తు దాకా లేచే దిబ్బలుంటాయి. అందులో గుడ్డు పాతిపెడుతుంది. ఆకులు కుళ్లి పుట్టే వేడికే గుడ్డు పొదుగుతుంది. రెండు నెలలు దాటాక పిల్ల ఆ దిబ్బను తవ్వుకుని పైకొచ్చి, తల్లి మొహం చూడకుండానే అడవిలోకి పరుగు తీస్తుంది. ఎవరూ తిండి పెట్టరు, ఎవరూ కాపలా ఉండరు. నక్క లాంటి జంతువు లేని చోట ఈ పద్ధతి లక్షణంగా సాగింది. కుక్క ఉన్న చోట ఒక్క రోజు సాగదు. పసిఫిక్ దీవుల్లో దీని చుట్టాలైన జాతులు ఎన్నో మనుషులూ, వాళ్ల వెంట పందులూ కుక్కలూ ఎలుకలూ చేరాక పోయాయి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ సరిగ్గా ఈ పక్షి దిబ్బలు పెట్టే తీరాన్నే ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత సర్వే చేస్తే, అంతకు పదేళ్ల కిందటి లెక్కతో పోలిస్తే ఇవి 70 శాతం దాకా తగ్గిపోయాయని తేలింది.

ఈ పక్షి కోసం మెంచల్ అనే చిన్న దీవిని ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. ప్రకటించడం మంచిదే, కానీ అది ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నేల ఎంత తగ్గితే అందులో నిలవగలిగే ప్రాణులు అంత తగ్గుతాయి. ఉన్న కొన్నీ ఒక్క దెబ్బకే పోయే ప్రమాదం అంత పెరుగుతుంది. నరికే అడవికి బదులుగా హర్యానాలో మొక్కలు నాటతామన్న మాట కూడా విన్నాం. హర్యానాలో చెట్లు పెరగాలి, తప్పకుండా పెరగాలి. వాటి మీద నికోబార్ పక్షి ఏదీ వాలదు. దీవి జీవికి మెయిన్‌లాండ్‌లో బదులు చోటు చూపించడం కుదరదు. ఈ ముక్క అధికారులకు తెలియదని నేననుకోను. తెలిసి కూడా కాగితం మీద బదులు అని రాసుకుంటున్నారంటే బాధగా ఉంది.

నికోబార్ పావురం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పచ్చగా రాగి మెరుపుతో ఉండి, మెడ చుట్టూ పొడుగాటి ఈకలు వేలాడుతుంటాయి, తోక పొట్టిగా తెల్లగా ఉంటుంది. 2002లో, ఎప్పుడో అంతరించిన డోడో అనే పక్షి అవశేషం నుంచి డీఎన్ఏ తీసి పరీక్షించినప్పుడు, బతికున్న పక్షుల్లో దానికి అతి దగ్గరి చుట్టం ఈ పావురమేనని తేలింది. చుట్టాలిద్దరిలో ఒకటి మారిషస్ దీవిలో ఎగరడం మానేసింది, ఇంకొకటి దీవి నుంచి దీవికి ఎగురుతూనే ఉంది. 1598లో డచ్చి ఓడలు మారిషస్‌లో ఆగాయి. వాటి వెంట వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేల మీద ఉన్న డోడో గుడ్లను తినేశాయి. వందేళ్లు తిరక్కుండానే ఆ పక్షి లేదు. మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి మారిషస్ చేరేసరికి డోడో పోయి దాదాపు నూట యాభై ఏళ్లు. అదే మారిషస్‌లో తర్వాత జరిగినదీ చెప్పాలి. అక్కడి చిన్న డేగ ఒకటి 1974 నాటికి అడవిలో నాలుగే మిగిలింది. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి, ఎలుకల్నీ ముంగిసల్నీ అదుపు చేసి మళ్లీ వందల సంఖ్యకు తెచ్చారు. గులాబీ పావురాన్నీ అలాగే నిలబెట్టారు. మనసు పెడితే అవుతుంది. కానీ అందుకు దశాబ్దాలు, ఎంతో డబ్బు, అదృష్టం కూడా కావాలి. రేవులో ఒక పెట్టెను ఆపి చూడ్డానికి అరగంట చాలు.

అందుకే మీ పత్రిక ద్వారా కొన్ని అడుగుతున్నాను. రేవు కట్టాలా వద్దా అన్న వాదన కోర్టుల్లోనూ బయటా జరుగుతోంది. నా అభిప్రాయం వద్దనే. ఒకవేళ కడితే మాత్రం మొదటి కంటైనర్ దిగకముందే తనిఖీ వ్యవస్థ నిలబడి ఉండాలి, దిగాక కాదు. ఓడను గట్టుకు కట్టే మోకులకు ఎలుకలు ఎక్కకుండా గుండ్రటి రేకు పళ్లేలు వేస్తారు. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కానీ ఒక మోకుకు వేసి మూడింటికి వదిలేస్తే లాభం లేదు. వేశారో లేదో ప్రతి రాత్రీ చూసే మనిషి ఉండాలి. పని కోసం వేల మంది వస్తారు. వాళ్ల వెంట కుక్కలూ పిల్లులూ వస్తాయి, చెత్తకుప్పలు పుడతాయి, చెత్తకుప్పలతో ఎలుకలు పెరుగుతాయి. దానికి మొదటి రోజు నుంచే ఏర్పాటు కావాలి. తీరంలో తాబేలు గుడ్లను కుక్కలు తవ్వి తినడం మేం ఇప్పటికే చూస్తున్నాం.

నికోబార్ దాకా పోనక్కర్లేదు, ఇక్కడ పోర్ట్‌బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న మా ఊళ్లో, రేపటి నుంచే చేయగలిగినవి ఉన్నాయి. చేప పిల్లల్ని బయటి నుంచి తేవడం మాని ఇక్కడి హేచరీల్లోనే సరిపడా తయారు చేయించాలి. అప్పటిదాకా వచ్చే ప్రతి సంచినీ విప్పి, వలగుడ్డలో వడపోసి, తోకకప్పల్ని ఏరేశాకే రైతుకు ఇవ్వాలి. ఇది పెద్ద చదువు అక్కర్లేని పని. మట్టితో మొక్కల్ని దించనివ్వకూడదు. బోదురు కప్ప ఇంకా చేరని దీవులు ఉన్నాయి. వాటికి పోయే పడవల్లో బస్తాలనూ డ్రమ్ములనూ చూడాలి. ఒక దీవిలో స్థిరపడ్డాక దాన్ని పూర్తిగా తీసేయడం మన వల్ల కాదు, చేరకుండా ఆపడం మాత్రం మన వల్లే అవుతుంది.

శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఇక్కడికి రాకపోకలు చేసే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మీ పత్రిక అక్కడా చదువుతారు, ఇక్కడా చదువుతారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు వేర్లతో మొక్కలు, కుండీలు, కుక్కపిల్లలు, అక్వేరియం చేపలు తేవద్దని వాళ్లకు ఒక్క మాట రాయండి. పెద్దవాళ్లు తులసి మొక్క తెచ్చుకుంటామంటారు, నాకు తెలుసు. విత్తనాలు తెచ్చుకుని ఇక్కడి మట్టిలో వేసుకోమని చెప్పండి.

ఇంకొకటి. మీ విలేకరులు ఢిల్లీలో పర్యావరణ శాఖను ఈ ప్రశ్న అడగాలని నా కోరిక: గ్రేట్ నికోబార్ రేవులో క్వారంటైన్ సిబ్బంది ఎంతమంది, ఏ తేదీ నుంచి, ఎవరి కింద పనిచేస్తారు? జవాబు ఏదైనా ఉన్నదున్నట్టు అచ్చు వేయండి. అలాంటి సిబ్బందిని నిజంగానే పెడితే, ఎక్కడెక్కడ వెతకాలో నేర్పడానికి నాలాంటి పాత క్లర్కులు ఇంకా ఉన్నాం: చెక్క ప్యాలెట్ల మధ్య, టార్పాలిన్ మడతల్లో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో, కంటైనర్ అడుగున ఫోర్క్‌లిఫ్ట్ దూరే సందుల్లో. జీతం అక్కర్లేదు, పిలిస్తే చాలు, ఓడెక్కి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్యాలీ క్లర్కు,
ఫెరార్‌గంజ్, దక్షిణ అండమాన్